మా సత్తెవ్వత్త చూసిన సినిమాలు

మా ఆయనకు మధ్యాహ్నం భోజనం చేశాక గంటసేపు పడుకోవడం అలవాటు. ఆ గంటలో గిన్నె చప్పుడైనా లేచి కూర్చుంటారు, ఇక ఆ సాయంత్రమంతా విసుగ్గానే ఉంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నేను పట్టుకున్న కొత్త అలవాటుకు, అంటే పాత సినిమాలు చూసే అలవాటుకు, ఆ గంట ఒక్కటే అడ్డం. మిగతా పొద్దంతా నాదే. కామారెడ్డిలో మా ఇల్లు స్టేషన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. పొద్దున వంట అయిపోగానే టీవీ ముందు కూర్చుంటాను. చిన్నప్పుడు ఎల్లారెడ్డి రేకుల టాకీసులో చూసినవి, చూడాలని ఏడ్చి చూడలేకపోయినవి, పేర్లు కూడా మరిచిపోయినవి ఇప్పుడు వెతికితే చాలావరకు దొరుకుతున్నాయి. బొమ్మ మీద వాన గీతలు పడుతుంటాయి, ఒక్కోచోట పాట సగంలో తెగిపోతుంది. అయినా వాటి ముందు కూర్చుంటే పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా గుర్తుండదు.

ఆ రోజు ఒక సినిమా ఆఖరికి వచ్చిన సమయంలో ఆయన చేయి కడుక్కుని మంచమెక్కారు. ఆపేయడానికి మనసొప్పక టీవీ సౌండు పూర్తిగా తగ్గించేశాను. ఆ సినిమా మాటలు వినకపోయినా నాకు నష్టం లేదు, అన్నీ నోటికి వచ్చు. ఇద్దరు అన్నదమ్ముల కథ. ఇల్లు పెద్దకోడలి చేతిలో ఉంటుంది. చిన్నకోడలి మీద నింద పడుతుంది, చిన్నవాళ్ళు ఇల్లు విడిచి పోతారు, నానా కష్టాలు పడి తిరిగి వస్తారు. ఆఖరున పెద్దకోడలు గుమ్మంలోకి ఎదురు వచ్చి, ఇది మీ ఇల్లు కూడా, లోపలికి రండి అంటుంది. అందరూ ఏడుస్తారు, అందరూ నవ్వుతారు, సినిమా అయిపోతుంది. చప్పుడు లేకుండా చూస్తుంటే ఆ ఆఖరి దృశ్యంలో నా కళ్ళు మొదటిసారి ఆమె ముఖాన్ని వదిలి కిందికి దిగాయి. కుడిచేయి చాచి ఆమె వాళ్ళను పిలుస్తోంది. ఎడమచేయి మాత్రం నడుము దగ్గర తాళంచెవుల గుత్తిని బిగించి పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తేలేంత గట్టిగా పట్టుకుంది. మరిది దగ్గరికి వస్తున్న కొద్దీ ఆ పిడికిలి మెల్లగా కొంగు చాటుకు పోయింది.

రిమోటు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఆ ఎడమచేతిని నేను యాభై ఏళ్ళ కింద మా అరుగు మీద చూశాను. మా సత్తెవ్వత్త తన నడుము దగ్గర పిడికిలి బిగించి చూపించింది. ఆ రోజు నేను దాన్ని అబద్ధమన్నాను.

సత్తెవ్వత్త మా బాపుకు చెల్లెలు. మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి, అది తగ్గేసరికి చెవులు పోయాయట. చెవులతోపాటు అప్పుడప్పుడే వస్తున్న మాటలు కూడా పోయాయి. నాకు తెలిసినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. ఎల్లారెడ్డిలో మాది రెండు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. బాపు బట్టల దుకాణంలో పని చేసేవాడు. అమ్మ, అత్త బీడీలు చుట్టేవాళ్ళు. తెల్లవారకముందే అత్త తునికాకును తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టేది. మేం లేచేసరికి ఇల్లంతా తడి ఆకు వాసన, దాని మీద తంబాకు ఘాటు. బడికి వెళ్ళినా ఆ వాసన నా లంగా కుచ్చిళ్ళలో ఉండేది. నా పక్కన కూర్చునే పిల్లల బట్టల్లోనూ అదే వాసన కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. అత్త ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటే ఆమె వేళ్ళు కనిపించేవి కావు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం అంతా ఒకటే కదలికలాగా ఉండేది. మా వాడలో ఆమెంత వేగంగా, అంత సమంగా చుట్టేవాళ్ళు లేరు.

అవే వేళ్ళు ఆమెకు నోరు కూడా. ఎక్కడా నేర్చుకున్న భాష కాదు అది, మా ఇంట్లో మాకు మేమే కల్పించుకున్నది. నెత్తి మీద కొంగు లాక్కున్నట్టు చేస్తే మా అవ్వ, అంటే బాపు తల్లి. నుదుటి మీద పెద్ద బొట్టు గుండ్రంగా చూపిస్తే అమ్మ. ముందుపన్ను మీద వేలు పెడితే నేను, ఎందుకంటే నాకు పేరు పెట్టే వయసులో ముందుపన్ను ఊడి ఉందట. పన్ను మళ్ళీ వచ్చినా పేరు మారలేదు. నన్ను పిలవాలంటే నేల మీద మడమతో రెండుసార్లు కొట్టేది, ఆ అదురు లోపలి గదిలో ఉన్న నా కాళ్ళకు తెలిసేది. కళ్ళ ముందు చేయి చాపి వేళ్ళు అల్లల్లాడిస్తే సినిమా. ఆ సైగ చేసేటప్పుడు అత్త ముఖం పండగ ముఖమయ్యేది.

బీడీలు కార్ఖానాకు అప్పజెప్పి వచ్చే రోజున ఆమె తల దువ్వుకుని, జడకు రిబ్బను కట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని పగటి ఆటకు బయలుదేరేది. మా అవ్వకు ఇది నచ్చేది కాదు. వినపడని మనిషి సినిమాకు పోతే నలుగురు నవ్వుతారని ఆమె భయం. ఆ భయంలో కొంత నిజం ఉంది. అందరూ నవ్వే చోట అత్త నవ్వేది కాదు, ఎవరూ నవ్వని చోట ఒక్కసారిగా నవ్వేది. ఆ నవ్వుకు పెద్ద శబ్దం ఉండేది, ఆమెకు అది తెలియదు. ముందు వరుసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. నేను తల దించుకుని పల్లీల పొట్లంలో వేళ్ళు పెట్టేదాన్ని. బాపు మాత్రం అవ్వ మాటను పట్టించుకునేవాడు కాదు. ఒకసారి అవ్వ గట్టిగానే అడ్డం పడితే, బాపు చొక్కా తొడుక్కుంటూ, "దాని కండ్లు మంచిగనే ఉన్నయి కదనే అవ్వా, పోనియ్యి" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయన దాని గురించి మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.

ఆ టాకీసుకు రేకుల కప్పు, ఆడవాళ్ళకు ఒక పక్కన బల్లలు, నడుమ నడుమెత్తు గోడ. లోపల కొబ్బరినూనె, బీడీ పొగ, వేయించిన పల్లీలు, చెమట, అన్నీ కలిసిన ఒక వెచ్చటి వాసన. వానాకాలంలో ఒకసారి సినిమా సగంలో ఉండగా పెద్ద వాన మొదలైంది. రేకుల మీద ఆ చప్పుడుకు పక్క మనిషి మాట కూడా వినపడలేదు. తెర మీద ఎవరో ఎవరినో తిడుతున్నారు, ఎవరో ఉత్తరం చించేస్తున్నారు, ఎందుకో తెలియదు. మగవాళ్ళ వైపు నుంచి కేకలు మొదలయ్యాయి. మా బల్ల మీద ఉన్న ఒక ముసలమ్మ నా భుజం తట్టి అత్త వైపు వేలు చూపించింది. అత్త ఒక్కతే హాయిగా, నిటారుగా కూర్చుని సినిమా చూస్తోంది. ఏమవుతోందని సైగతో అడిగాను. అత్త చకచకా చెప్పింది. ఉత్తరం దొంగ ఉత్తరం, చించినవాడికి ఆ సంగతి ముందే తెలుసు, వాడి కళ్ళు చూడు, వాడు కోపం తెచ్చిపెట్టుకుంటున్నాడు. నేను ముసలమ్మ చెవిలో అరిచి చెప్పాను, ముసలమ్మ పక్కామెకు చెప్పింది. వాన ఆగేదాకా ఆ వరుసంతా తెర వైపు కొంచెం, అత్త వైపు కొంచెం చూస్తూ కూర్చుంది. వాన ఆగి మాటలు వినపడ్డాక చూస్తే ఉత్తరం నిజంగానే దొంగ ఉత్తరం. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే బురదలో కూడా అత్త పట్టు చీర కట్టుకున్నదానిలాగా నడిచింది.

మర్నాడు అరుగు మీద సినిమా చెప్పడం ఉండేది. చుట్టుపక్కల నాలుగిళ్ళ ఆడవాళ్ళు తమ చాటలు తీసుకుని మా అరుగు మీదికి చేరేవాళ్ళు. వాళ్ళ చేతులు బీడీలు చుడుతూ ఉండేవి, కళ్ళు అత్త మీద ఉండేవి. అత్త తన చాట పక్కన పెట్టి లేచి నిలబడేది. ఆమె మీసం మెలేస్తే పగవాడు, జుట్టు నుదుటి మీదికి దువ్వుకుంటే నాయకుడు. ఒక్కతే పదిమంది అయ్యేది. గుర్రం మీద వచ్చేవాడు, గుర్రం, ఆ గుర్రాన్ని చూసి బెదిరిన కోడి కూడా ఆమే. అర్థం కాని చోట నేను మాటలు అందించేదాన్ని. మా అమ్మ ఇంటి పని వల్ల ఎప్పుడూ టాకీసుకు రాలేదు. ఆమె చూసిన సినిమాలన్నీ ఆ అరుగు మీద అత్త చూపించినవే. సత్తెవ్వ చెప్తే పైసలు పెట్టి చూసినట్టే ఉంటదని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ మాటను నేను సైగల్లోకి మార్చి చెబితే అత్త కొంగు నోట్లో పెట్టుకుని సిగ్గుపడేది.

నాకు అప్పుడు పదకొండేళ్ళు ఉంటాయి. బడిలో పద్యాలు బాగా అప్పజెబుతానని పేరు వచ్చింది, దాంతో నాకు కొంచెం పొగరెక్కింది. ఆ అన్నదమ్ముల సినిమా మా టాకీసుకు వచ్చింది ఆ రోజుల్లోనే. మర్నాడు అరుగు మీద అత్త చెబుతోంది. ఆడవాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు. ఆఖరుకు వచ్చింది. కుడిచేయి చాచి, ముఖం నిండా నవ్వు తెచ్చుకుని రమ్మని పిలిచింది. తర్వాత మా అందరికీ చూపిస్తూ ఎడమచేతిని నడుము దగ్గర పిడికిలి బిగించి తల అడ్డంగా ఊపింది. పెద్దకోడలికి వాళ్ళు రావడం ఇష్టం లేదు, ఇల్లు ఇయ్యదు, చూడండి అని దాని అర్థం. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆఖరి మాటలు నేను చెవులారా విన్నాను, విని ఏడ్చాను, దారంతా మనసులో చెప్పుకుంటూ వచ్చాను.

అత్తకు వీపు తిప్పి ఆడవాళ్ళ వైపు చూస్తూ అన్నాను. "గట్ల లేదు. ఆమె మంచిగనే రమ్మన్నది, నేను విన్న. అత్తకు వినపడది కదా, ఉత్తగనే కల్పించి చెప్తున్నది. ఇన్ని రోజులసంది గిట్లనే చెప్తుండొచ్చు."

ఒకామె నవ్వింది. ఆమెను చూసి అందరూ నవ్వారు. గడప దగ్గర కూర్చున్న అవ్వ కూడా, చాలా రోజులుగా దాచుకున్న మాట బయట పడేసినట్టు, "చెవులు లేనిదానికి సినిమా ఏందని నేను మొదటిసంది అంటనే ఉన్న" అంది. అమ్మ ఒక్కతే నవ్వకుండా తన చాటలోకి తల దించుకుంది. నేను వెనక్కి తిరిగేసరికి అత్త ఇంకా ఆ పిడికిలితోనే నిలబడి ఉంది. ఒక్కొక్కరి ముఖం వరుసగా చూసింది. ఆఖరున నా ముఖం చూసింది. తర్వాత కూర్చుని చాట ఒళ్ళోకి లాక్కుంది.

ఆ తర్వాత అత్త ఎప్పుడూ సినిమా చెప్పలేదు. సినిమాలకు పోవడం మానలేదు, ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. మర్నాడు ఆడవాళ్ళు వచ్చి కళ్ళ ముందు వేళ్ళు ఆడించి అడిగితే, చాట చూపించి పని ఉందని తల ఊపేది. కొన్నాళ్ళకు వాళ్ళూ అడగడం మానేశారు. మిగతా అన్ని విషయాల్లో నాతో మామూలుగానే ఉంది. నాకు జడలు వేసింది, నా పెళ్ళికి పసుపు దంచింది, నా బిడ్డకు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. నేను టీచరు ఉద్యోగంలో చేరి మాచారెడ్డిలో పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో, తర్వాత కథలు రాయడం మొదలుపెట్టాక, మాట సంపాదించి పెట్టే గౌరవం ఏమిటో నాకు కొంచెం తెలిసింది. అప్పుడప్పుడు ఆ అరుగు గుర్తొచ్చి ముల్లులాగా గుచ్చుకునేది. అయినా చిన్నతనం కదా, నేను చెప్పింది అబద్ధం కాదు కదా అని సర్దుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం టీవీలో ఆ పిడికిలి చూశాక సర్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన లేచాక సౌండు పెంచి ఆ దృశ్యాన్ని మళ్ళీ చూశాను. విచిత్రం ఏమిటంటే, మాటలు వినిపించగానే నా కళ్ళు ఆమె ముఖానికే అతుక్కుపోతున్నాయి. ఆ గొంతు అంత తీయగా ఉంది. చేతిని చూడాలని పట్టుబట్టి చూస్తేగానీ కనిపించడం లేదు. ఆ నటి మాటలతో ఒక కథ, చేతితో ఇంకొక కథ చెప్పింది. ఊరూరా టాకీసుల్లో కూర్చున్న మా వంటి వాళ్ళందరం మొదటిదే తీసుకుని ఇంటికి వచ్చాం. రెండోది చూసిన మనిషిని నవ్వి కూర్చోబెట్టాం.

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా మేమే, సంచులతో, పిల్లలతో. లింగంపేట దాటాక గానీ కూర్చోవడానికి చోటు దొరకలేదు. అత్త ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంటోంది. పెంకుటిల్లు తీసేసి తమ్ముడు డాబా కట్టాడు, అరుగు పోయింది, గేటు పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అత్తకు ఎనభై దగ్గర పడుతోంది. బీడీలు మానేసి చాలా ఏళ్ళయింది, పింఛన్ వస్తోంది. తమ్ముడి భార్య సుజాతకు అత్త అంటే ప్రాణం, ఇంట్లో పెత్తనం సగం అత్తదే. నేను గేటు తీయగానే అత్త చిక్కుడుకాయలు ఒలుస్తున్నదల్లా చూసి, ముందుపన్ను మీద వేలు పెట్టి నవ్వింది. ఆ పన్ను ఇప్పుడు నాకు కట్టుడు పన్ను.

మంచినీళ్ళు తాగి ఆమె పక్కన కూర్చున్నాను. ఇప్పటి సినిమాలు చూస్తావా అని అడిగాను, నేరుగా అసలు సంగతికి రాలేక. సుజాత ఫోనులో చూపిస్తుందని చెప్పింది, చెప్పి పెదవి విరిచింది. బొటనవేలు, చూపుడువేలు టపటపా కొట్టి చూపించింది. ఒక్క ముఖమూ నిలవదు, చూద్దామనేలోపు పోతుంది, వెనకటి సినిమాల్లో ముఖం నిలబడేది, మనిషి మనసు మారడం కనిపించేది అని ఆమె మాట. పాత సినిమాల మీద నేను పత్రికలకు రెండు వ్యాసాలు రాశాను. ఈ సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఫోనులో ఆ సినిమా ఆఖరి భాగం పెట్టి ఆమె చేతికిచ్చాను. సౌండు తీసేశాను. అత్త కళ్ళద్దాలు సవరించుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది. మొదట ఆ నటీమణిని గుర్తుపట్టి నా తొడ మీద కొట్టింది. పిడికిలి వచ్చిన చోట నేను ఆపి, దాని మీద వేలు పెట్టాను. తర్వాత నా ఎడమచేతిని నడుము దగ్గర బిగించి చూపించాను. నువ్వు చెప్పిందే నిజం, నేను చూడలేదు, తప్పు నాది అని చెప్పి రెండు చేతులూ జోడించాను. ఇంత వయసు వచ్చాక ఒక మనిషి ముందు అట్లా చేతులు జోడించడం ఎంత కష్టమో, జోడించాక ఎంత తేలికగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అత్త నా చేతులు విడదీసింది. పిడికిలి సంగతి తనకు ఎప్పుడూ తెలుసన్నట్టు చేయి విసిరింది. అది కాదు అంది. కుర్చీ నా వైపు జరుపుకుని, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆమె చేతులు చెప్పినదాన్ని మా ఇంటి మాటల్లో పెడితే ఇట్లా ఉంటుంది: "నువ్వు నాకు వీపు తిప్పినవ్. నీ నోరు కనపడలే. అందరు నవ్విండ్రు. నన్ను చూసి నవ్విండ్రని తెలిసింది, ఎందుకు నవ్విండ్రో ఎవ్వరు చెప్పలే. ఆనాడు నువ్వు ఏమన్నవ్?"

ఇన్నేళ్ళు నేను మోసిన తప్పు ఒకటి, ఆమెకు తగిలింది ఇంకొకటి. ఆమె చూసినదాన్ని నేను కాదన్నందుకు ఆమె సినిమాలు చెప్పడం మానలేదు. తన ఇంట్లో తన గురించే పుట్టిన నవ్వులో తనకు మాత్రం చోటు లేకపోయింది, అందుకు మానింది. నవ్విన వాళ్ళలో మా అమ్మ లేదని, అవ్వ ఉందని, నేను ఉన్నానని ఆమెకు తెలుసు. మాట ఒక్కటే తెలియదు. నన్నెందుకు అడగలేదని అడిగాను. అడిగితే నువ్వు ఏడుస్తావు, చిన్న పిల్లవు కదా అంది.

చెప్పాను. ఆ రోజు అన్న ప్రతి మాటనూ ఒక్కటి కూడా దాచకుండా సైగల్లో పెట్టాను. వినపడదు కదా, ఉత్తగనే కల్పించి చెబుతుందన్నానని చెప్పాను. ఇన్ని రోజులుగా ఇట్లాగే చెబుతుండొచ్చన్నానని కూడా చెప్పాను. అవ్వ అన్న మాటకు నెత్తి మీద కొంగు లాక్కుని, చెవులు చూపించి, వేళ్ళు ఆడించి చూపాను. అత్త నా చేతుల వైపే రెప్ప వేయకుండా చూసింది. నేను ముగించాక ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. పెద్ద శబ్దంతో, సుజాత వంటింట్లో నుంచి చేయి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేంత శబ్దంతో నవ్వింది. అంతేనా అన్నట్టు రెండు అరచేతులూ తెరిచి చూపింది. ఇంకేదో పెద్ద మాట అనుకున్నానంది. పెళ్ళి కానిదనో, దిక్కులేనిదనో అన్నారేమో అనుకుందట. ఆ మాట మాత్రం ఆమె నవ్వకుండా చెప్పింది.

ఏమైందని సుజాత అడిగితే నేను చెప్పబోయాను. అత్త నా చేయి పట్టుకుని ఆపింది. సుజాతను కుర్చీలో కూర్చోమంది. ఒలిచిన చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టి, గేటు ఊచ పట్టుకుని లేచి నిలబడి, ఆ అన్నదమ్ముల సినిమాను మొదటి నుంచి చెప్పింది. మోకాళ్ళ నొప్పితో ఎక్కువ కదల్లేకపోయింది, కానీ చేతులు పాత చేతులే. చిన్నకోడలి మీద నింద పడే చోట సుజాత కళ్ళు తుడుచుకుంది. బండి మీద పోతున్న పక్కింటాయన కాలు కింద పెట్టి ఆగాడు. నేను ఒక్క మాట కూడా అందించలేదు. ఆఖరుకు వచ్చి కుడిచేయి చాచి, ఎడమచేయి బిగించగానే సుజాత, "ఓహో, మనసుల ఇంకోటుందన్నమాట ఆమెకు" అంది. అత్త పెదవులు చూసి అర్థం చేసుకుని, చూశావా అన్నట్టు నా వైపు తలెగరేసింది.

ఇది జరిగిన కొన్ని నెలలకు కామారెడ్డిలో ఒక పాత సినిమాను మళ్ళీ విడుదల చేశారు. బొమ్మ కడిగి, రంగులు సరిచేసి, ఉదయం ఒక్క ఆట వేస్తున్నారు. తమ్ముడు అత్తను బస్సెక్కించాడు, నేను బస్టాండులో దించుకున్నాను. అత్త కొత్త చీర కట్టుకుంది. హాలంతా ఆమె తల తిప్పి తిప్పి చూసింది. మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి, బీడీ పొగ లేదు, పల్లీల బదులు వెన్న వాసన. మా చుట్టూ అంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. వాళ్ళు పుట్టకముందు వచ్చిన సినిమా మాటలు వాళ్ళకు నోటికి వచ్చు, తెర మీద వాళ్ళకంటే ముందే అరుస్తున్నారు. వీళ్ళకు పాతవేం తెలుసులే అని నేను వ్యాసాల్లో రాసిన మాటలు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. పాట మొదలై డప్పు మోగగానే అత్త ఉలిక్కిపడి నా చేయి లాగి తన కుర్చీ చేతి మీద పెట్టింది. కుర్చీ చేయి అదురుతోంది. ఆమె ఇంకో చేయి తన గుండె మీద పెట్టుకుంది. డప్పు ఆగితే చేయి తీసింది, మళ్ళీ మోగితే మళ్ళీ పెట్టుకుంది. నేను సినిమా సగం చూశాను, సగం ఆమెను చూశాను.

ఎల్లారెడ్డిలో ఆ బల్లల మీద కూర్చున్న నాటికీ నేటికీ ఏది మేలని నన్ను ఎవరైనా అడిగితే ఇంతకుముందు తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆ వేడి, ఆ ఇరుకు, వరుసంతా ఒకరి మీద ఒకరు ఒరిగి ఏడవడం ఇప్పుడు ఎక్కడుందనేదాన్ని. అదీ నిజమే. కానీ నా పక్కన కూర్చున్న మనిషికి ఆ రోజుల్లో తెర తప్ప ఇంకేమీ అందలేదు. ఈ రోజు డప్పు అందింది. తమ్ముడి ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఆమె చెబితే సుజాత వింటుంది, మధ్యలో నా మాట అక్కర్లేదు. నేను పోగొట్టుకున్నవి కొన్ని ఉన్నాయి, ఆమెకు దొరికినవి కొన్ని ఉన్నాయి. రెండింటినీ ఒక కుప్పగా పోసి చూస్తే నాకు బాధ కలగడం లేదు.

సినిమా అయిపోయింది. పిల్లలు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. దీపాలు వెలిగాయి, ఊడ్చే ఆమె చీపురుతో పై వరుస నుంచి దిగుతోంది. ఇంట్లో పప్పుచారు, వంకాయ కూర చేసి పెట్టి వచ్చాను, అత్తకు ఇష్టమని. లేద్దామని భుజం తట్టాను. అత్త లేవలేదు. తెల్లటి తెర వైపు గడ్డంతో చూపించి, ఇంకొకటి వేస్తారా అని అడిగింది. నాకు తెలియక ఊడ్చే ఆమెను అడిగాను. గంటలో కొత్త సినిమా ఉందని, మొన్ననే వచ్చిందని ఆమె చెప్పింది. అత్తకు సైగ చేసి చెప్పాను. కొత్తది, అన్నీ కొట్లాటలే ఉంటాయని కూడా చెప్పాను.

అత్త సంచి ఒళ్ళోకి తీసుకుని, కాళ్ళ నొప్పి సర్దుకుని, కుర్చీలో ఇంకొంచెం లోపలికి జరిగి, డప్పు తగిలిన కుర్చీ చేతి మీద మళ్ళీ అరచేయి పెట్టుకుని కూర్చుంది. నేను బయటికి వచ్చి ఇంటికి ఫోను చేశాను. వంకాయ కూర స్టవ్ పక్కనే ఉందని, మీరు తిని పడుకోండి, మాకు సాయంత్రం అవుతుందని మా ఆయనకు చెప్పి, టికెట్ల కిటికీ ముందు నిలబడ్డాను.